చక్రం దగ్గర ఎవరూ లేరన్నాను

ఇలా నా దగ్గరికి జరిగి కూర్చో. పొయ్యి మీద ఏమైనా ఉంటే దించి వచ్చి మరీ కూర్చో. మధ్యలో లేచావంటే మళ్ళీ మొదలుపెట్టే ధైర్యం నాకు ఉండదు.

మా ఇంట్లో ఏ సంగతి కావాలన్నా నన్నే అడుగుతారు. ఎవరి పెళ్ళిలో పప్పు మాడింది, ఏ ఏడు గెడ్డ పొంగి దూడలు కొట్టుకుపోయాయి, ఏ మేనత్త ఎవరిమీద అలిగి ఎన్నాళ్ళు మాట్లాడలేదు, అన్నీ నాకు గుర్తే. పిల్లలకి నేను చెప్పిన కథలు వాళ్ళ పిల్లలకి కూడా నోటికి వచ్చు. ఈ ఒక్కటి మాత్రం ఎవరూ అడగలేదు, నేను చెప్పలేదు. రోట్లో పొత్రంలా గుండెలో ఉండిపోయింది. అటు దొర్లుతుంది, ఇటు దొర్లుతుంది, బయటికి రాదు. ఇదంతా కాగితం మీద పెడుతున్నాను, నా చదువు రెండో తరగతి. అక్షరాలు వంకరగా ఉంటే ఓర్చుకో.

ఎక్కడ మొదలుపెట్టాలో కూడా తెలియడం లేదు. నీళ్ళ దగ్గర మొదలుపెడతాను.

నేను కాపురానికి అరకు కొండలకి వెళ్ళినప్పుడు, అనంతగిరి ఇవతల ఒక దొర రంపపు మిల్లు నడిపేవాడు. గుగ్గిలం దుంగలు కోసి, రైలు పట్టాల కింద వేసే స్లీపర్లు చేసి బళ్ళమీద కిందికి పంపేవారు. విజయనగరంలో కూడా ఇళ్ళల్లో కిరసనాయిలు దీపాలు పెట్టుకునే రోజుల్లో ఆ అడవిలో కరెంటు ఉండేదంటే నువ్వు నమ్మవు. గెడ్డకి అడ్డుకట్ట కట్టి, నీళ్ళని కొండ అంచున కాలవలో నడిపించి ఒక రాతి తొట్టిలోకి వదిలేవారు. తొట్టి నుంచి ఇనుప గొట్టం ఒకటి కొండవాలు మీదుగా కిందికి దిగేది. మనిషి పడుకుని పాకేటంత లావు. కింద షెడ్డులో ఆ నీళ్ళు డైనమోని తిప్పేవి. డైనమో దగ్గర మా ఆయన పని. అక్కడి నుంచి కరెంటు తీగల మీద రంపం మోటారుకి వెళ్ళేది.

గొట్టం తల దగ్గర, అంటే పైన తొట్టి దగ్గర, తిరగలి అంత ఇనుప చక్రం ఒకటి ఉండేది. అటు తిప్పితే నీళ్ళు ఎక్కువ, ఇటు తిప్పితే తక్కువ. దాని దగ్గర పాకలో కూర్చునేవాడు బుద్రు. ఆ కొండవాడే. ఆ వాలులోనే దొర ఇచ్చిన చిన్న నేలచెక్కలో చోళ్ళు పండించుకుంటూ పెళ్ళాం సుక్రితో ఉండేవాడు. అతని తల మీద పగలూ రాత్రీ వెలిగే బల్బు ఒకటి వేలాడేది, కింద కరెంటు ఎలా ఉందో అతనికి తెలియడానికి.

మిల్లులో రంపం దుంగని పట్టుకునే ముందు, వేలాడదీసిన రైలుపట్టా ముక్కని రెండు దెబ్బలు కొట్టేవారు. బరువు పడుతోంది, నీళ్ళు పెంచు అని. కోత అయిపోతే ఒక దెబ్బ. నీళ్ళు తగ్గించు అని. నీళ్ళు తక్కువైతే రంపం ఆగిపోతుంది. ఎక్కువైతే పిచ్చెత్తినట్టు తిరుగుతుంది, బల్బులు పేలిపోతాయి. ఆ మిల్లంతా సమంగా నడవడం బుద్రు చేతిలో ఉండేది. ఈ మాట నాకు అప్పుడు అర్థమైందా? అర్థమైందనే అనుకున్నాను.

రోజూ మధ్యాహ్నం మా ఆయనకి కూడు పట్టుకెళ్ళి, ఆయన తినేలోగా ఆకుకూర కోసం కొండెక్కేదాన్ని. అలా బుద్రు పాక దగ్గర ఆగడం అలవాటైంది. ఒకరోజు చక్రం తిప్పిచూడమన్నాడు. తిప్పాను. కాసేపటికి ఎక్కడో కింద, చెట్ల అవతల, రంపం గొంతు మారింది. నా చేతి కింద అంత పెద్ద మిల్లు కదిలింది. కాపురానికి వచ్చిన దగ్గర్నుంచి ఉప్పూ కారం తప్ప నా మాట విన్నది ఏదీ లేదు. ఆ ఇనుము విన్నది. నిజం చెప్పాలంటే అదే నా మొదటి తప్పేమో. నాకు అది బాగా నచ్చింది.

బుద్రు నేర్పిన పద్ధతి ఇది. అతని మాటల్లోనే రాస్తాను, ఒక్క ముక్క మరిచిపోలేదు.

"ఒక్క సుట్టు తిప్పమ్మా. తిప్పీసి సెయ్యి గొట్టం మీదెట్టు. నీల్లు కిందకెల్లాల, కింద కబురు మల్లీ పైకి రావాల. గొట్టం వొనుకు ఆగినాక అప్పుడు దీపాన్ని సూడు. అంతవరకూ దీపాన్ని నమ్మకు. అది పాత కబురు సెప్తాది."

అది పాత కబురు చెబుతుంది. ఎన్నిసార్లు అనుకున్నానో ఈ మాట. అతను చక్రం తిప్పడం కంటే తిప్పకుండా ఉండడమే ఎక్కువ చేసేవాడు. అరచెయ్యి గొట్టం మీద పెట్టి, జ్వరం చూసే వైద్యుడిలా, కళ్ళు సగం మూసి కూర్చునేవాడు. దీపం ఎర్రబడేది, అతను కదిలేవాడు కాదు. దీపం తెల్లగా లేచేది, కదిలేవాడు కాదు. అదే మెల్లగా కుదురుకునేది.

చైత్రంలో ఇటుకల పండగ వచ్చింది. ఆ కొండల్లో మగవాళ్ళంతా వేటకి వెళ్ళాలి. వేట పడితేనే విత్తనం మొలుస్తుందని వాళ్ళ నమ్మకం. వేటకి వెళ్ళని మగవాడిమీద, వెళ్ళి వట్టి చేతులతో వచ్చినవాడిమీద ఆడవాళ్ళు పేడనీళ్ళు కొడతారు. బుద్రు చక్రం దగ్గర చేరాక రెండేళ్ళు వేటకి వెళ్ళలేదు. ఆ రెండేళ్ళూ అతని చోళ్ళు సరిగా పండలేదు. అందుకా, వాన లేకనా అంటే నాకు తెలియదు. సుక్రికి మాత్రం తెలుసు.

పండగ ముందురోజు నేను వెళ్ళేసరికి ఆమె నీళ్ళకుండతో నిలబడి ఉంది.

"సూడమ్మా, మా ఇంటాయన ఏట మానీసి ఇనప గొట్టాన్ని నిమురుకుంటన్నాడు. రేపు పేడనీల్లు ఈయనకి పొయ్యాలో గొట్టానికి పొయ్యాలో తెలీటం లేదు."

"సెరిసగం పొయ్యి," అన్నాడు బుద్రు తల ఎత్తకుండా.

"ఈయన సగం నువ్వే కడుక్కో. గొట్టం సగం మీ దొర కడుక్కుంటాడు."

ముగ్గురం నవ్వాము. ఆమె కుండ ఎత్తుకుని దిగిపోయాక అతను నవ్వడం మానేశాడు. దొరని సెలవు అడిగానని, పండగకి రంపం ఆగదని అన్నాడని చెప్పాడు. ఇంకేమీ అడగలేదు. ఇది గుర్తుపెట్టుకో. అతను అడగలేదు. నేనే అన్నాను.

"నువ్వెల్లు బుద్రూ. ఒక్క పగలే కదేటి. నేను సూసుకుంటాను."

గొట్టం మీంచి చెయ్యి తీసి నావైపు తిరిగాడు. చిన్నపిల్లని పాఠం అడిగినట్టు అడిగాడు.

"రెండు దెబ్బలు ఇనబడితే ఎన్ని సుట్లు?"

"ఒక్కటి."

"దీపం తగ్గిపోతే?"

"పాత కబురు."

"మరి సెయ్యి?"

"గొట్టం మీద."

"ఎవురికీ సెప్పొద్దమ్మా. నా నోట రాదు. నీ నోట రాకూడదు. బేగి వొచ్చీస్తాను, పొద్దు గుంకకముందే."

జాలితో అన్నానా ఆ మాట? చక్రం మీద మోజుతో అన్నానా? రెండూ కలిసే ఉన్నాయి. ఏది ఎంతో విడదీయలేను. బియ్యంలో రాళ్ళు ఏరగలను గానీ ఇది ఏరలేను.

మర్నాడు మా ఆయనకి పొద్దున్నే కూడు కట్టిచ్చి, పండగ చూడ్డానికి వెళ్తున్నానని చెప్పి కొండెక్కాను. పొద్దున్న అంతా బాగానే గడిచింది. రెండు దెబ్బలు, ఒక చుట్టు, అరచెయ్యి. ఒక దెబ్బ, వెనక్కి ఒక చుట్టు, అరచెయ్యి. అవతలి కొండల్లో డప్పులు వినపడుతున్నాయి. నేను బుద్రులాగే కళ్ళు సగం మూసుకున్నాను కూడా.

మధ్యాహ్నం దాటాక ఒక దుంగ వచ్చింది. ముడులున్న దుంగ అని తర్వాత విన్నాను. రెండు దెబ్బలు పడ్డాయి. ఒక చుట్టు తిప్పాను. దీపం పెరగలేదు సరికదా ఇంకా ఎర్రబడింది. రంపం మూలుగు వినపడింది. ఆగిపోతుందేమో అనిపించింది. అరచెయ్యి గొట్టం మీద పెట్టాలని తెలుసు. తెలిసి కూడా ఆ చెయ్యి చక్రం మీదే ఉండిపోయింది. ఇంకో చుట్టు తిప్పాను. అప్పుడు మొదటి చుట్టు నీళ్ళూ రెండో చుట్టు నీళ్ళూ కలిసి కిందికి చేరాయి కాబోలు, దీపం కళ్ళు చెదిరేలా తెల్లగా లేచింది. హడలిపోయి వెనక్కి తిప్పాను. ఒకటి, రెండు. దీపం లేస్తూనే ఉంది, ఇంకొకటి. అంతలోనే అది నిప్పుకణికలా పడిపోయింది. గొట్టం లోపల ఎవరో సమ్మెటతో కొడుతున్నట్టు చప్పుడు. నేను దీపాన్ని తరుముతున్నాను, అది నన్ను తరుముతోంది. తగ్గినప్పుడల్లా ఎక్కువ తగ్గుతోంది, లేచినప్పుడల్లా ఎక్కువ లేస్తోంది. ఉయ్యాలని ఆపబోయి ఇంకా జోరుగా తోస్తున్నది నేనేనని అప్పుడు తెలియలేదు. పూర్తిగా తెరిచేశాను.

దీపం నా తలమీదే పేలింది. జుట్టులో గాజు పడింది. కింద ఒక అరుపు. తర్వాత ఏమీ లేదు. గెడ్డ చప్పుడు మాత్రం ఎప్పటిలాగే ఉంది.

కింద ఏం జరిగిందో అప్పలస్వామి అన్నయ్య నాకు తర్వాత వందసార్లు చెప్పాడు. రంపం మేస్త్రీ అతను, మా వైపు వాడే, నన్ను సెల్లెమ్మా అని పిలిచేవాడు. రంపం దుంగలో ఇరుక్కుని దాదాపు ఆగిపోయిందట. ఇక తిరగదనుకుని కోత సందు విచ్చుకునేలా అందులో కర్రమేకు దోపడానికి చెయ్యి పెట్టాడు. అప్పుడు నా నీళ్ళు వచ్చాయి. కుడిచేతి మూడు వేళ్ళు పోయాయి.

నేను ఆకుకూర వొడిలో వేసుకుని వెనక దారిన దిగాను. ఎప్పుడు కోశానో, అంత గాభరాలో చేతులు ఎలా కోశాయో తెలియదు. జనం గుమిగూడి ఉన్నారు. మా ఆయన చొక్కా నిండా నెత్తురు, అప్పలస్వామిని పట్టుకుని ఉన్నారు. దొర దగ్గరి గుమాస్తా నన్ను చూశాడు.

"పైనుంచి వొస్తన్నావు కదమ్మా. బుద్రు గాడు సక్రం దగ్గర ఉన్నాడేటి?"

"సక్రం దగ్గర ఎవరూ లేరు," అన్నాను.

అంతే. నాలుగు మాటలు. నేను మిల్లు మనిషి పెళ్ళాన్ని. నిజం చెబితే మా ఆయన పని పోతుంది, ఆడది చక్రం ముట్టిందని ఊరంతా మాట్లాడుతుంది, ఆయన మొహం ఎక్కడ పెట్టుకుంటారు అని అప్పుడే ఆలోచించానా? లేదు. ఇవన్నీ తర్వాత పేర్చుకున్నవి. ఆ క్షణంలో నోరు దానంతట అదే అంది.

పొద్దు గుంకకముందే వస్తానన్నవాడు వచ్చాడు. తలపాగాలో పువ్వు, భుజాన కొండగొర్రె తొడ. మూడేళ్ళకి వేట పడింది. నవ్వుతూ వచ్చినవాడిని వచ్చినట్టే పట్టుకున్నారు. చక్రం వదిలి వెళ్ళావా అన్నారు. వెళ్ళాను అన్నాడు. పొద్దున్నంతా దెబ్బలకి నీళ్ళు సరిగానే వచ్చాయి కనక, మధ్యాహ్నం చక్రం తెరిచి వదిలేసి పోయాడని వాళ్ళ లెక్క. ఎవరికి అప్పజెప్పావు అన్నారు. అతను జనంలో నా కోసం చూశాడు. నేను కనిపించాను. కళ్ళు దించుకున్నాడు.

"ఎవురికీ లేదు," అన్నాడు.

గుమాస్తా కొట్టాడు. కొట్టిన దెబ్బల గురించి రాయలేను. పాక ఖాళీ చెయ్యమన్నారు, చోళ్ళ చెక్క లాక్కున్నారు. మర్నాడు జయపురం వైపు వెళ్ళిపోతుంటే, గెడ్డ దాటే చోట నేను చోడిపిండి మూటతో నిలబడ్డాను. సుక్రి నాతో మాట్లాడకుండా మూట తీసుకుని ముందుకి నడిచింది. ఆమెకి ఏమీ తెలియదు, ఏడుపు ఆపుకుంటోందంతే. బుద్రు ఆగాడు. పెదవి వాచి ఉంది. నన్ను ఏమీ తిట్టలేదు. ఒకటే అడిగాడు.

"ఎన్ని సుట్లు తిప్పినావమ్మా?"

"ఒక్కటే," అన్నాను.

ఎందుకు అలా అన్నాను? మిల్లు దగ్గర చెప్పిన అబద్ధానికైనా భయమనే పేరు ఉంది. దీనికి ఏం పేరు పెట్టను? అతను ఎవరికీ చెప్పడు. చెప్పినా నమ్మేవారు లేరు. అతని ముందు మంచి శిష్యురాలిగా ఉండాలనుకున్నానేమో. తెలియదు, నిజంగా తెలియదు.

"సెయ్యి గొట్టం మీదే ఎట్టినావా?"

"ఎట్టినాను."

బుద్రు తన అరచెయ్యి తిప్పి చూసుకున్నాడు. అందులో ఏదో రాసి ఉన్నట్టు చూశాడు.

"అయితే నాను నేర్పిందే తప్పమ్మా," అన్నాడు. "అప్పలసామి ఏల్లు తీసింది నానే."

అని గెడ్డలోకి దిగాడు. పిలవొచ్చు. గొంతు అందేంత దూరంలోనే ఉన్నాడు. అవతలి గట్టు ఎక్కేదాకా చూస్తూ నిలబడ్డాను.

తర్వాత దొర బస్తీ నుంచి ఒక యంత్రం తెప్పించి, చక్రానికి బదులు కింద డైనమో దగ్గర బిగించాడు. రెండు ఇనుప గుండ్లు గిరగిరా తిరుగుతుంటే దానంతట అదే నీళ్ళు పెంచేది, తగ్గించేది. దాని పక్కన చిన్న నూనె గిన్నె ఒకటి. అదెందుకని మా ఆయనని అడిగాను.

"తొందర పడకుండా," అన్నారు. "నూనె అడ్డం లేకపోతే ఇది ఊగిపోయి మిల్లునే ఇరగ్గొట్టేస్తాదట. బిగించడానికొచ్చినాయన సెప్పాడు. అలాటి సెయ్యి కన్నా అసలు సెయ్యే లేకపోటం నయమంట. వొగ్గీస్తే దీపం కాస్త తగ్గో పెరిగో అక్కడే కుదురుకుంటాదంట."

చక్రం దగ్గర ఎవరూ లేరన్నాను కదా. నిజంగానే ఎవరూ లేకపోతే ఏమీ జరిగేది కాదు. బుద్రు చక్రాన్ని వదిలి వెళ్ళడం తప్పు కాదు. నేను ఉండడం తప్పు. అందరూ తప్పుని తలకిందులుగా పట్టుకున్నారు, దాన్ని అలా వాళ్ళ చేతికిచ్చింది నేను. ఇది అర్థం చేసుకోబోతే ఇప్పటికీ నా బుర్ర ఆ దీపంలాగే ఊగుతుంది.

అప్పలస్వామి అన్నయ్య మా ఇంటికి వచ్చినప్పుడల్లా ఎడమచేత్తో తినేవాడు. "ఏటి సెల్లెమ్మా, నాకేసి అలా సూత్తన్నావు, ఈ సేత్తో పులుసు కలపలేననా?" అని హాస్యమాడేవాడు. బుద్రుని తిట్టకుండా ఏనాడూ లేవలేదు. నేను వడ్డిస్తూ వినేదాన్ని.

చాలా ఏళ్ళకి డుంబ్రిగుడ సంతలో సుక్రి కనిపించింది. పసుపు కొమ్ములు అమ్ముతోంది. జుట్టు నెరిసింది. నన్ను గుర్తుపట్టి కొసరు రెండు కొమ్ములు ఎక్కువే వేసింది. బుద్రు ఎలా ఉన్నాడన్నాను. అంతకు ముందు ఏడే పోయాడంది.

"ఆడనుంచి ఎల్లినాక నీల్లు ముట్టలేదమ్మా. చేనికి కాలవ తిప్పాలన్నా ఇంకోల్లని బతిమాలేవోడు. నా సెయ్యి మంచిది కాదనేవోడు. ఏటకి ఎల్లేడని ఆ దొర గెంటీసినాడు గానీ, ఈయన సేతికేటయిందో నాకు తెల్దు. నీకేటైనా తెలుసా అమ్మా?"

నీకేమైనా తెలుసా అని అడిగింది. ఎదురుగా కూర్చుని, నా కళ్ళలోకి చూసి అడిగింది. ఇంతకంటే దేవుడు ఎవరికి దారి చూపిస్తాడు? నేను తెలియదన్నాను. పసుపు కొంగున కట్టుకుని వచ్చేశాను. ఆ పసుపు ఇంట్లో వాడలేదు. పారెయ్యనూ లేదు. పురుగు పట్టేదాకా డబ్బాలో ఉంది.

మా ఆయన పోయారు. అప్పలస్వామి అన్నయ్య పోయాడు. సుక్రి ఉందో లేదో తెలియదు. వినాల్సినవాళ్ళు ఎవరూ లేరని తెలిశాక నీకు చెబుతున్నాను, ఇది కూడా ఒక పిరికితనమేనేమో. నువ్వు నన్ను క్షమించకు. ఆ పని నీది కాదు. చెయ్యాల్సినవాడు గెడ్డ దాటి వెళ్ళిపోయాడు.

అయినా అతను అడిగినదానికి జవాబు బాకీ ఉండిపోయింది. అది ఇక్కడ రాస్తున్నాను, నీ ఎదుట.

ఏడు సుట్లు, బుద్రూ. ముందుకీ వెనక్కీ కలిపి ఏడు. కొన్ని రోజులు లెక్కపెట్టుకుంటే ఎనిమిది వస్తాయి. ఒకటి మాత్రం కాదు. నా సెయ్యి గొట్టం మీద లేదు. నువ్వు నేర్పింది తప్పు కాదు.

రాశాను. చూడు, అరచెయ్యి కాగితం మీద పెట్టాను.

ఇక లేచి నీ పొయ్యి సంగతి చూసుకో. నీ ఇల్లు చల్లగా ఉండాలి. నీ ఇంట్లో దీపం తగ్గినా పెరిగినా, తొందరపడని చెయ్యి ఒకటి ఎప్పుడూ ఉండాలి.